మా ఆవిడ ఒక్కతే తెరవగలగాలి: బిట్‌కాయిన్ వాలెట్ ప్రాజెక్టు డైరీ

5 జనవరి 2025, ఆదివారం

విజయవాడలో జిరాక్స్, డీటీపీ షాపు నాది. 2021 నుంచి నెలకింత అని చీటీ కట్టినట్టు బిట్‌కాయిన్ కొంటూ వచ్చాను. పెద్ద మొత్తమేం కాదు. అలాగని పోతే పోయిందిలే అనుకునేదీ కాదు. అదంతా ఇన్నాళ్ళూ ఎక్స్ఛేంజ్ యాప్‌లోనే, అంటే కొన్న చోటే ఉంది. యాప్ తెరిస్తే అంకె కనపడుతుంది, మూస్తే పోతుంది. అంతకు మించి దాని సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

కిందటి జులై 18న వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజ్ మీద హ్యాకర్ల దాడి జరిగి 23 కోట్ల డాలర్ల పైచిలుకు విలువైన కాయిన్లు పోయాయి. అందులో దాచుకున్నవాళ్ళు ఆరు నెలలుగా తమ కాయిన్లు బయటికి తీసుకోలేక కూర్చున్నారు. నాది వేరే ఎక్స్ఛేంజ్, దానికేమీ కాలేదు. కానీ ఆ వార్త చదివిన దగ్గర్నుంచీ ఒకటే ఆలోచన. గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు పెడితే రైతు చేతికి బాండు కాగితం వస్తుంది. బస్తాలు మాత్రం వాళ్ళ గోడౌన్‌లో ఉంటాయి. నా యాప్‌లో కనపడే అంకె ఆ బాండు కాగితమే. 2014లో జపాన్‌లో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ మూతపడినప్పుడు 8,50,000 బిట్‌కాయిన్లు లెక్క తేలలేదు. తర్వాత 2 లక్షలు దొరికాయన్నారు గానీ, బాండు కాగితాలు పట్టుకున్నవాళ్ళు పదేళ్ళు తిరిగారు.

కాబట్టి సరుకు ఇంటికి తెచ్చుకోవాలి. దీన్నే సెల్ఫ్ కస్టడీ అంటారు. ఇంట్లో చెప్పాను. మా ఆవిడ అంతా విని ఒకే మాట అడిగింది: "రేపు మీకేదైనా అయితే నేనెలా తీసుకోవాలండీ?"

నా దగ్గర జవాబు లేదు. ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డ్ కూడా ఆమెకు తెలియదు. అందుకని ప్రాజెక్టు లక్ష్యం అక్కడికక్కడే మార్చేశాను. వాలెట్ (కాయిన్లు మన చేతిలోనే ఉంచుకునే ఏర్పాటు) పెట్టుకోవడం సగం పనే. నేను ఇంట్లో లేకుండా, ఫోన్ చేయకుండా, ఆమె ఒక్కతే దాన్ని తిరిగి తెరవగలిగిన రోజు పని అయిపోయినట్టు. డిగ్రీలో ఆమెది బీకాం. కంప్యూటర్ మీద టాలీ తప్ప ఇంకేదీ ఇష్టంగా ముట్టుకోదు. పరీక్షకు అంతకంటే మంచి మనిషి ఎక్కడ దొరుకుతుంది?

8 జనవరి, బుధవారం

షాపు కంప్యూటర్ల మీద ఈ పని చేయకూడదని మొదటే అనుకున్నాను. రోజుకి వంద పెన్‌డ్రైవ్‌లు దూరే మెషిన్లవి. డెస్క్‌టాప్ నిండా ఎవరెవరి ఆధార్ కార్డులో, ఎవరెవరి పెళ్ళి ఫొటోలో. ఇంట్లో పాత లాప్‌టాప్ ఒకటి ఉంటే ఫార్మాట్ చేసి, విండోస్ కొత్తగా ఎక్కించి, దీనికే కేటాయించాను.

వాలెట్ సాఫ్ట్‌వేర్‌గా స్పారో ఎంచుకున్నాను. బిట్‌కాయిన్ ఒక్కదానికే పనికొస్తుంది, లోపల ఏం జరుగుతోందో దాచకుండా చూపిస్తుంది. గూగుల్‌లో వెతికితే పైన ప్రకటనగా వచ్చే లింకుల జోలికి పోలేదు. అచ్చం అదే బొమ్మ, అదే రంగు, పేరులో ఒక్క అక్షరం తేడాతో దొంగ సైట్లు పెడతారు. 2018 డిసెంబర్‌లో ఎలక్ట్రమ్ వాలెట్ వాడేవాళ్ళకి ఇంకా తమాషాగా జరిగింది. దొంగ సర్వర్లు నేరుగా వాలెట్ లోపలే "కొత్త వెర్షన్ వేసుకోండి" అని మెసేజ్ చూపించాయి. నమ్మి దించుకున్నవాళ్ళు పోగొట్టుకున్నారు. అసలు వాలెట్‌లో ఉంటూనే మోసపోయారన్న మాట.

అందుకని దించుకున్న ఫైలుని సరిచూడడం అనే పనికి గంటన్నర ఖర్చు పెట్టాను. ఫైలుతో పాటు ఇంకో రెండు చిన్న ఫైళ్ళు ఇస్తారు. ఒకదాంట్లో షా-256 హ్యాష్ ఉంటుంది, అంటే ఆ ఫైలు వేలిముద్ర. రెండోది ఆ హ్యాష్ ఫైలు మీద డెవలపర్ చేసిన డిజిటల్ సంతకం. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో నా ఫైలు హ్యాష్ తీస్తే 64 అక్షరాల బారు ఒకటి వచ్చింది. ప్రూఫులు దిద్దే అలవాటు కొద్దీ దాన్ని కాగితం మీద ప్రింటు తీసి, నాలుగేసి అక్షరాలకు పెన్సిల్ గీత పెట్టుకుంటూ పదహారు ముక్కలూ సరిచూశాను. తర్వాత సంతకం. చాలామంది ఇది వదిలేస్తారు. కానీ ఫైలు మార్చగలిగినవాడు పక్కనే ఉన్న హ్యాష్ మార్చలేడా? సంతకం సరిపోతేనే హ్యాష్‌కి విలువ. "గుడ్ సిగ్నేచర్" అని వచ్చాక గానీ ఇన్‌స్టాల్ నొక్కలేదు.

12 జనవరి, ఆదివారం

అసలు డబ్బు జోలికి పోకుండా ముందు సాధన. బిట్‌కాయిన్‌కి సిగ్నెట్ అని ఒక ఉత్తుత్తి నెట్‌వర్క్ ఉంది. అందులో కాయిన్లకు విలువ లేదు, ఊరికే ఇస్తారు. పిల్లలు ఆడుకునే నోట్ల లాంటివి. స్పారోని ఆ నెట్‌వర్క్‌లో తెరిచి కొత్త వాలెట్ చేశాను. పన్నెండు ఇంగ్లీషు మాటలు వచ్చాయి.

ఈ పన్నెండు మాటలే వాలెట్. యాప్ కాదు, లాప్‌టాప్ కాదు. కాయిన్లు ఎక్కడికీ రావు, అందరి కంప్యూటర్లలో ఉన్న బిట్‌కాయిన్ ఉమ్మడి ఖాతా పుస్తకంలోనే ఉంటాయి. వాటిని కదిలించే తాళంచెవి ఈ మాటల నుంచి పుడుతుంది. మాటలు ఎవరి చేతిలో ఉంటే కాయిన్లు వాళ్ళవి. మొత్తం 2048 మాటల జాబితా ఒకటుంది, 2013లో ఖాయం చేసింది. వాలెట్ అందులోంచి చీటీలు తీసినట్టు తీస్తుంది.

నేను చదువుతుంటే మా ఆవిడ రాసింది. రాశాక వాలెట్ చెరిపేశాను. "ఇప్పుడు ఆ కాగితం చూసి మళ్ళీ తెరుద్దాం" అని కాగితం తీసుకుంటే, మొత్తం తెలుగులో ఉంది.

ఆమె తప్పేం లేదు, ఇంగ్లీషులో రాయమని నేను చెప్పలేదు. కిరాణా లిస్టులో "షుగర్, టీ పౌడర్" రాసినట్టే రాసింది. మరి నాలుగో మాట "వేర్". ఏ వేర్? బట్టలు తొడుక్కునేదా, ఎక్కడ అని అడిగేదా? జాబితాలో చూస్తే రెండూ ఉన్నాయి. తొమ్మిదోది "రైట్". కుడా, రాయడమా? అవీ రెండూ ఉన్నాయి! జపనీస్, కొరియన్, చెక్ భాషల్లో కూడా జాబితాలు చేశారు గానీ మన తెలుగుకి లేదు.

రెండు మాటలు, ఒక్కోదానికి రెండు స్పెల్లింగులు, కలిపి నాలుగు రకాలు. మొదటి మూడూ చెల్లవంది, నాలుగోది తీసుకుంది. ఎలా తెలిసిందంటే, పన్నెండో మాటలో కొంత భాగం మిగతా పదకొండింటికీ కాపలా. రైల్వే పీఎన్‌ఆర్ ఊహించి కొట్టినట్టు ఏదో ఒకటి కొడితే కుదరదు. అయితే ఆ కాపలా అంత గట్టిదేం కాదు. పన్నెండు మాటలకి తప్పు మాట పడితే పదహారింట ఒకసారి అది కూడా చెల్లిపోతుంది. అప్పుడు ఏ ఎర్రరూ రాదు, ఖాళీగా ఉన్న వేరే వాలెట్ తెరుచుకుంటుంది. ఉన్న డబ్బు మాయమైందనుకుని మనిషి కుప్పకూలుతాడు. ఇరవై నాలుగు మాటలకైతే ఆ అవకాశం 256లో ఒకటికి తగ్గుతుంది.

అక్కడికక్కడే ఇంటి రూలు పెట్టుకున్నాం. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, ప్రతి మాటకీ వరస నంబరు, బాల్ పెన్ను. జెల్ పెన్ను వద్దు. తడి తగిలితే జెల్ ఇంకు ఏమవుతుందో మా షాపుకి వచ్చే అప్లికేషన్లు చూస్తే తెలుస్తుంది.

15 జనవరి, కనుమ

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ప్రాజెక్టూ కదల్లేదు. అత్తారింట్లో గారెలు, నాటుకోడి. ఒక్క పని మాత్రం అయింది: డాలస్‌లో ఉండే బావమరిది పండక్కి వస్తూ హార్డ్‌వేర్ వాలెట్ (తాళంచెవిని లోపల దాచే చిన్న పరికరం) తెచ్చాడు. తయారు చేసే కంపెనీ సైట్లోనే, వాడి అడ్రసు మీద ఆర్డర్ పెట్టించాను. ఆన్‌లైన్ బజారులో ఎవడో అమ్మేది కొనదలచుకోలేదు. ఏ కంపెనీదో ఇక్కడ రాయను. ఎవరింట్లో ఏ తాళం ఉందో ఊరికి తెలియక్కర్లేదు. 2020లో ఇలాంటి పరికరాలే చేసే లెడ్జర్ కంపెనీ కస్టమర్ల వివరాలు బయటపడ్డప్పుడు 2,70,000 మందికి పైగా ఇళ్ళ అడ్రసులు, ఫోన్ నంబర్లు ఇంటర్నెట్లో పడ్డాయి. మరుసటేడు వాళ్ళలో కొందరి ఇళ్ళకి "పాతది మార్చుకోండి" అంటూ నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి.

19 జనవరి, ఆదివారం

పరికరం అగ్గిపెట్టెకి కొంచెం పెద్దది. చిన్న తెర, రెండు బటన్లు. దీని పని ఒక్కటే, తాళంచెవిని లోపల పెట్టుకుని బయటికి చెప్పకుండా, మనం పంపే లావాదేవీల మీద సంతకం మాత్రం చేయడం. లాప్‌టాప్‌లో వైరస్ ఉన్నా చెవి దానికి దొరకదు.

డబ్బా విప్పగానే మొదట చూసింది, లోపల మాటల కార్డు ఖాళీగా ఉందా లేదా అని. ముందే మాటలు అచ్చేసిన కార్డు వస్తే ఆ పరికరాన్ని చెత్తబుట్టలో వేయాల్సిందే, ఆ మాటలు పంపినవాడి దగ్గర కూడా ఉంటాయి. మాది ఖాళీగానే ఉంది. కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో అసలుదేనా కాదా అన్న తనిఖీ, ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, పిన్ నంబరు. వరసగా తప్పు పిన్ కొడితే దానంతట అదే చెరిపేసుకుంటుంది. పిన్‌గా పెళ్ళిరోజు పెడదామంది మా ఆవిడ. మన పెళ్ళిరోజు ఫేస్‌బుక్‌లో లేదా అన్నాను. ఇంకోటి పెట్టాం.

తర్వాత తెర మీద ఒక్కో మాటా వచ్చింది, ఇరవై నాలుగు. ఈసారి నేను పైకి చదవలేదు. ఫోన్లు రెండూ వంటింట్లో పెట్టొచ్చాం, ఆమె పక్కన కూర్చుని చూసి రాసింది. ఫొటో తీస్తే ఏమవుతుందని అడిగింది. షాపు కబుర్లే చెప్పాను. వాట్సాప్ వెబ్ లాగౌట్ చేయకుండా పోయేవాళ్ళు రోజుకి ఇద్దరైనా ఉంటారు. ఫోన్లో తీసిన ఫొటో మనకి తెలియకుండా గూగుల్ ఖాతాలోకి ఎక్కి కూర్చుంటుంది. జిరాక్స్ తీయిద్దామంటే పెద్ద మెషిన్లలో హార్డ్ డిస్క్ ఉంటుంది, తీసిన కాగితం బొమ్మ కొన్నిట్లో లోపలే మిగిలిపోతుంది. సొంత షాపున్న నేనే దీన్ని సొంత మెషిన్ మీద పెట్టలేదు.

25, 26 జనవరి, శని, ఆదివారాలు

నిరుడు సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా పిన్ని వాళ్ళింట్లో బీరువా కింది రెండు అరలూ నీళ్ళలో నానాయి. పొలం దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు ఒకదానికొకటి అతుక్కుపోయి, డాబా మీద ఆరబెడితే రేకుల్లా ఊడొచ్చాయి. వాటిని స్కాన్ చేసి బాగు చేసింది మా షాపులోనే. కాగితం మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే. చెదల సంగతి సరేసరి.

ఇనుము మీద చెక్కాలి. మొదట తట్టింది స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే కొట్టు. పెళ్ళికి పెట్టిన ప్రతి గిన్నె మీదా మామగారి పేరు ఉంటుంది కదా, అలాగే. కానీ ఆ కొట్లో చెక్కించాలంటే మాటలు ఆయనకి ఇవ్వాలి. అది కుదరదు. మనమే చెక్కాలి.

ఆటోనగర్ వెళ్ళాను. లారీ పనులు చేసే చోట అక్షరాల పంచ్‌లు దొరక్కుండా ఉంటాయా? చెక్క డబ్బాలో ఇరవై ఏడు ఉక్కు కడ్డీలు, ఒక్కోదాని కొసన ఒక్కో అక్షరం, జడ్ తర్వాత ఇరవై ఏడోది అండ్ గుర్తు. అంకెలవి తొమ్మిది, ఆరు తిరగేస్తే తొమ్మిది కాబట్టి దానికి వేరే కడ్డీ ఇవ్వరు! రేకు కోసం మొదట అల్యూమినియం అనుకున్నాను, మెత్తగా ఉంటుంది, సులువుగా దిగుతుంది. కానీ అది 660 డిగ్రీలకే కరుగుతుంది. ఇల్లు తగలబడితే ఆ వేడి పుడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలైతే 1400 దగ్గర. కొట్టతను అయస్కాంతం పెట్టి చూపించాడు, అంటుకోలేదు, 304 రకం అన్నాడు. రెండు మిల్లీమీటర్ల మందం, పోస్టుకార్డు సైజులో మూడు ముక్కలు కోయించాను. "నేమ్ ప్లేటా సార్?" అన్నాడు. అవునన్నాను.

ప్రతి మాటలో మొదటి నాలుగు అక్షరాలు కొడితే చాలు. 2048 మాటల్లో ఏ రెండిటికీ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండకుండా జాబితా కట్టారు. ఇరవై నాలుగు మాటలకి మహా అయితే తొంభై ఆరు దెబ్బలు.

మొదటి రేకు మీద జనవరి 12 నాటి సాధన వాలెట్ మాటలే కొట్టాను. మంచి పని చేశాను. స్టీలు గట్టిది, సగం బలంతో కొడితే గీత పడుతుంది గానీ అక్షరం దిగదు. రెండో దెబ్బకి కడ్డీ వెంట్రుకవాసి జరిగి, ఒక అక్షరం రెండుగా కనపడుతుంది. కింద సన్నికల్లు పెట్టుకున్నాక దెబ్బ నిలబడింది. ఒకే దెబ్బ, భుజం నుంచి. నాలుగో మాట దగ్గర ఇంకో సంగతి జరిగింది. డబ్ల్యూ కడ్డీని తలకిందులుగా పట్టుకున్నాను, ఎమ్ పడింది. మళ్ళీ ఆ "వేర్" దగ్గరే! కడ్డీలన్నిటికీ పైవైపు ఎటో తెలిసేలా నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది మా ఆవిడ. ఆ తర్వాత తప్పు పడలేదు.

అసలు మాటలు రాత్రి కొట్టాలంటే చప్పుడు. పక్కింటావిడ రెండుసార్లు తలుపు తీసి చూసింది. చివరికి మర్నాడు రిపబ్లిక్ డే, వీధిలో మైకు మోగుతున్నప్పుడు రెండు రేకులూ పూర్తి చేశాను.

28 జనవరి, మంగళవారం

ఫీజుల గురించి ఒక టెలిగ్రామ్ గ్రూపులో చిన్న సందేహం అడిగాను. ఐదు నిమిషాల్లో "సపోర్ట్ టీమ్" అని ఎవరో విడిగా మెసేజ్ పెట్టారు. మీ వాలెట్ సింక్ కాలేదు సార్, ఈ లింకులో మీ ఇరవై నాలుగు మాటలు ఎంటర్ చేయండి. తెలుగులోనే, ఎంతో మర్యాదగా. మా ఆవిడకి చూపించాను. బ్యాంకు వాళ్ళమని ఓటీపీ అడిగేవాళ్ళ లాంటివాళ్ళేగా అంది. అంతే. ఓటీపీ అయితే రెండు నిమిషాల్లో చచ్చిపోతుంది, ఈ మాటలకి గడువు లేదు.

2 ఫిబ్రవరి, ఆదివారం

మొదటి అసలు బదిలీ.

స్పారోలో "రిసీవ్" నొక్కితే బీసీ1క్యూ అని మొదలయ్యే 42 అక్షరాల అడ్రసు వచ్చింది. అదే పరికరం తెర మీద కూడా చూపించింది. రెండూ ఒకటేనా అని చూడాలి, ఎందుకంటే లాప్‌టాప్ తెర అబద్ధం చెప్పొచ్చు. కాపీ చేసిన అడ్రసు స్థానంలో దొంగ అడ్రసు అతికించే వైరస్‌లు ఉన్నాయి. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూస్తే చాలంటారు. చాలదు. ఈ రకం అడ్రసులన్నిటికీ మొదటి నాలుగూ ఒకటే! నేను మొత్తం చదివాను, మా ఆవిడ ఎక్స్ఛేంజ్ పేజీ మీద వేలు పెట్టి సరిచూసింది. బీసీ1 తర్వాత ఒకటి అంకె, బీ, ఐ, ఓ అక్షరాలు అసలు రావు, చూపు మోసపోకుండా వాటిని తీసేశారు. అక్షరాలతో బతికేవాణ్ణి, ఆ ముందుచూపు నాకు నచ్చింది.

ఎక్స్ఛేంజ్‌లో నెట్‌వర్క్ ఎంచుకునే చోట ఒక గోతి ఉంది. బిట్‌కాయిన్ నెట్‌వర్క్ పక్కనే ఇంకో నెట్‌వర్క్ పేరు, ఫీజు తక్కువ అని ఊరిస్తూ. అటు పంపితే వచ్చేది బిట్‌కాయిన్ కాదు, దాని పేరు పెట్టుకున్న వేరే టోకెన్. బిట్‌కాయిన్ నెట్‌వర్కే నొక్కాను. కొత్త అడ్రసు కాబట్టి 24 గంటలు ఆగమన్నారు, అది నిన్ననే పెట్టి ఉంచాను.

వాళ్ళు పంపనిచ్చే అతి తక్కువ మొత్తం, 0.001 బిట్‌కాయిన్ పంపాను. చేరింది 0.0007. విత్‌డ్రాయల్ ఫీజు కింద 30,000 సతోషీలు పట్టుకున్నారు. (ఒక బిట్‌కాయిన్‌కి పది కోట్ల సతోషీలు.) ఒళ్ళు మండింది, ఎందుకంటే అరగంట తర్వాత నా వాలెట్‌లో ఒక అడ్రసు నుంచి ఇంకో అడ్రసుకి నేనే కొంత పంపి చూసుకుంటే నాకైంది 423 సతోషీలు. బిట్‌కాయిన్‌లో ఫీజు మొత్తాన్ని బట్టి ఉండదు, ఆ లావాదేవీ ఎంత చోటు పడుతుందో దాన్ని బట్టి ఉంటుంది. నాది 141 వర్చువల్ బైట్లు, ఆ రోజు బైటుకి మూడు సతోషీల చొప్పున పెట్టాను. వంద రూపాయలు పంపినా పది లక్షలు పంపినా అంతే.

సాయంత్రం పరికరాన్ని కావాలనే మొత్తం చెరిపేశాను. వేలు ఆ బటన్ మీద కాసేపు ఆగింది, ఒప్పుకుంటాను. రేకు చూసి ఇరవై నాలుగు మాటలూ రెండు బటన్లతో ఎక్కించడానికి పాతిక నిమిషాలు. డబ్బు కనపడింది. కాగితం ప్రతిని స్టవ్ మీద కాల్చేశాను.

8 ఫిబ్రవరి, శనివారం

మిగతాదంతా ఒక్క దఫాలో తెచ్చేశాను. విడతలుగా తెస్తే విడతకో 30,000. అరవై నిమిషాల్లో ఆరు బ్లాకులు, అంటే ఆ ఖాతా పుస్తకంలో ఆరు పేజీలు, దాటాయి.

ఎక్స్ఛేంజ్ ఖాతా మూసే ముందు 2021 నుంచి కొన్న ప్రతి లావాదేవీ ఫైలు దించి ప్రింటు తీశాను. ఇది నాకంటే మా ఆవిడకే ముందు తట్టింది, బీకాం కదా. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను, దాని మీద 4 శాతం సెస్సు. మొన్న బడ్జెట్‌లోనూ అది మారలేదు. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు, ఒకదాని నష్టం ఇంకోదాని లాభంలో సర్దనివ్వరు. కొన్న ధర రుజువు పోతే ఆ ఒక్క మినహాయింపూ పోయినట్టే. సొంత వాలెట్‌కి తెచ్చుకోవడం అమ్మకం కాదు కాబట్టి ఒక శాతం టీడీఎస్ కోయలేదు.

ఇరవై ఐదో మాటగా మన సొంత పాస్‌ఫ్రేజ్ పెట్టుకునే వీలు కూడా ఉంది. పెట్టలేదు. అందులో తప్పు కొట్టినా తప్పని చెప్పదు, ఖాళీ వాలెట్ చూపిస్తుంది. మా ఇంటి లెక్కకి దొంగ కంటే మతిమరుపు దగ్గరి చుట్టం. మాటల్ని సగం ఒకచోట, సగం ఒకచోట పెట్టమని బావమరిది సలహా ఇచ్చాడు. అదీ వద్దన్నాను. ఏ ఒక్క రేకు పోయినా మొత్తం పోయినట్టవుతుంది. రెండు రేకుల మీదా అన్ని మాటలూ ఉన్నాయి. ఒకటి ఇంట్లో ఉంది, ఇంకోటి ఇంకో ఊళ్ళో ఉంది. అంతకంటే చెప్పను.

16 ఫిబ్రవరి, ఆదివారం: మొదటి పరీక్ష

ఆమె కోసం రెండు పేజీల ఉత్తరం రాశాను. అందులో మాటలు లేవు, పద్ధతి మాత్రమే. ఎల్ఐసీ బాండ్ల ఫైల్లో పెట్టాను. పరికరాన్ని మళ్ళీ చెరిపేసి, ఫోన్ ఇంట్లో వదిలేసి, పదకొండింటికి షాపుకి వెళ్ళిపోయాను.

పన్నెండున్నరకి షాపు ల్యాండ్‌లైన్ మోగింది.

"ఏమండీ, మాటలన్నీ ఎక్కించాను, తీసుకుంది. కానీ ఇందులో ఏమీ లేదండీ. సున్నా ఉంది."

ఆమె గొంతులో ఆ సున్నా విని నాకూ కాళ్ళాడలేదు. ఇంటికి పరిగెత్తాను. చూస్తే స్పారో తెర కింద కుడి మూలన చిన్న స్విచ్ బొమ్మ ఉంటుంది, సర్వర్‌కి కలపడానికి. అది ఆఫ్‌లో ఉంది. లాప్‌టాప్ వైఫైకి కలవకుండానే ఆమె తెరిచింది. ఖాతా పుస్తకం చూడకుండా లెక్క ఎలా చెబుతుంది? వైఫై పెట్టి ఆ స్విచ్ నొక్కితే పది సెకన్లలో అంకె వచ్చింది. నాకు ఎప్పుడూ వైఫై ఉంటుంది కాబట్టి ఆ ముక్క ఉత్తరంలో రాయాలని తట్టనే లేదు.

ఇంకో రెండు చోట్ల కూడా ఆగిందట. రేకు మీద మూడు అక్షరాల మాట దగ్గర నాలుగో అక్షరం అరిగిపోయిందేమో అనుకుని ఐదు నిమిషాలు టార్చి వేసి వెతికింది. వాలెట్ రకం అడిగే చోట నేటివ్ సెగ్‌విట్ (మా బీసీ1క్యూ అడ్రసుల రకం పేరు) అని నేను రాయలేదు, పైనున్నదే ఉంచేసి ముందుకెళ్ళింది. అదృష్టం కొద్దీ అదే సరైనది. వేరేది ఎంచుకుని ఉంటే అప్పుడు కూడా సున్నాయే కనపడేది, వైఫై ఉన్నా సరే.

ఫెయిల్ అయింది ఆమె కాదు, ఉత్తరం.

23 ఫిబ్రవరి, ఆదివారం: రెండో పరీక్ష

మళ్ళీ చెరిపాను, మళ్ళీ షాపుకి పోయాను. ఈసారి ల్యాండ్‌లైన్ మోగలేదు. ఒంటిగంటన్నరకి భోజనానికి వెళ్తే లాప్‌టాప్ మూసి ఉంది, పప్పు తాలింపు వాసన వస్తోంది. ఏమైందని అడిగితే టేబుల్ మీద కాగితం చూపించింది. స్పారోలో కనపడిన మొత్తం ఎనిమిది దశాంశాల దాకా రాసి ఉంది, కింద టైము: 11.10 నుంచి 11.58.

పక్కన నా ఉత్తరం. ఎర్ర పెన్నుతో దిద్ది ఉంది. "సీడ్ ఫ్రేజ్" అని నేను రాసిన ఆరు చోట్లా కొట్టేసి "రేకు మీద మాటలు" అని రాసింది. "హార్డ్‌వేర్ వాలెట్"ని కొట్టేసి "నల్ల డబ్బా". మూడక్షరాల మాటల దగ్గర "నాలుగోది లేదు, వెతక్కు" అని మార్జిన్‌లో. మొదటి పేజీ పైన, నేను ఖాళీగా వదిలిన చోట, కొత్తగా ఒకటో నంబరు వేసి "ముందు వైఫై పెట్టు" అని రాసి కింద రెండు గీతలు గీసింది.

మధ్యాహ్నం దాన్ని ఆమె దిద్దినట్టే తిరగరాశాను, చేత్తోనే.